టిషియన్ నీడలో బతికాడు.. లేసు డిజైన్ల పుస్తకంతో మిగిలాడు: ఎవరీ చేజారే వెచెల్లియో?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే మన దగ్గర మగ్గం వర్క్ షాపులకు తీరిక ఉండదు. ట్రేసింగ్ పేపర్ మీద డిజైన్ గీస్తారు. గీత వెంట సూదితో సన్నగా చిల్లులు పొడుస్తారు. ఆ పేపర్‌ను బ్లౌజ్ బట్ట మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన జింక్ పొడిని గుడ్డతో రుద్దుతారు. పేపర్ తీయగానే బట్ట మీద చుక్కల రూపంలో డిజైన్ దిగిపోతుంది. ఆ వీడియోలు మీ ఫోన్‌లో కూడా చాలానే చూసి ఉంటారు.

సరిగ్గా ఇలాంటి పనే 430 ఏళ్ల క్రితం ఇటలీలోని వెనిస్ నగరంలో జరిగేది. అక్కడ జింక్ పొడి బదులు బొగ్గు పొడి వాడేవారు. ట్రేసింగ్ పేపర్ బదులు ఏకంగా పుస్తకంలోని పేజీకే చిల్లులు పొడిచేవారు. అలా పొడవడానికే అచ్చయిన పుస్తకాల్లో బాగా పేరున్నది 1591లో వచ్చింది. దాన్ని తయారు చేసిన పెయింటర్ పేరు చేజారే వెచెల్లియో. ఆయన జీవితం చదివితే ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. చేతిపని ఒకరిది, పేరు మాత్రం ఇంకొకరిది ఎందుకవుతుంది?

కొండ ఊరి కుర్రాడు

చేజారే 1521 ప్రాంతంలో పుట్టాడు. సొంతూరు ఇటలీ ఉత్తరాన ఆల్ప్స్ కొండల్లోని పియేవే ది కదోరే. చిన్న ఊరే కానీ అప్పటికే దాని పేరు యూరప్ అంతా తెలుసు. కారణం, ఆ కాలపు మహా చిత్రకారుడు టిషియన్‌ది కూడా ఆ ఊరే. ఆయన ఇంటిపేరూ వెచెల్లియోనే. చేజారేకు దాయాదుల వరసలో అన్న అవుతాడు, వయసులో మాత్రం సుమారు ముప్పై ఏళ్లు పెద్ద.

రాజులు, పోప్‌లు, చక్రవర్తులు బొమ్మ గీయించుకోవాలంటే టిషియన్‌కే కబురు పెట్టే రోజులవి. వెనిస్‌లో ఆయన వర్క్‌షాప్ ఒక చిన్న కార్ఖానాలా నడిచేది. చేజారే అందులో చేరాడు. 1548లో టిషియన్ జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌కు, ఐదో చార్లెస్ చక్రవర్తి కొలువుకు వెళ్లినప్పుడు చేజారే కూడా వెంట ఉన్నాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏడు దాకా ఉంటుంది.

అప్పట్లో వర్క్‌షాప్ లెక్క వేరు. రంగులు నూరేది, గుడ్డ సిద్ధం చేసేది, బ్యాక్‌గ్రౌండ్ నింపేది, గిరాకీ ఉన్న బొమ్మకు నకళ్లు తీసేది శిష్యులే. బయటికి వెళ్లేటప్పుడు మాత్రం అది గురువుగారి బొమ్మే. ఇందులో మోసమేమీ లేదు, ఆ కాలపు పద్ధతే అది. కానీ ఏళ్లకేళ్లు అలా పనిచేసిన మనిషికి సొంత పేరు అంటూ ఎక్కడ మిగులుతుంది? చేజారే జీవితంలో సగానికి పైగా ఇలాగే గడిచిపోయింది.

ప్లేగు వచ్చింది.. నీడ తొలగింది

1575 నుంచి 1577 దాకా వెనిస్‌ను ప్లేగు ఊడ్చేసింది. నగర జనంలో దాదాపు నాలుగో వంతు పోయారు. ఆ ప్లేగు రోజుల్లోనే, 1576 ఆగస్టు 27న టిషియన్ కన్నుమూశాడు.

చేజారేకు అప్పటికి యాభై ఐదేళ్లు. ఇప్పుడు లెక్కేస్తే రిటైర్మెంట్‌కు దగ్గర పడిన వయసు. ఆయన సొంత పని గట్టిగా మొదలైంది మాత్రం అప్పుడే. సొంత ప్రాంతమైన బెల్లూనో వైపు వెళ్లి చర్చిలకు బొమ్మలు వేశాడు. లెంటియాయ్ అనే ఊళ్లో చర్చి పైకప్పు నిండా మేరీమాత జీవిత ఘట్టాలను చిత్రించాడు. ఆ పని 1570ల చివర్లో జరిగింది. ఆ చర్చి ఇప్పటికీ ఉంది.

ఇంకో విచిత్రమైన పని కూడా చేశాడు. బెల్లూనో ప్రాంతంలో ఒదొరికో పిల్లోనే అనే ధనవంతుడికి పెద్ద లైబ్రరీ ఉండేది. ఆ రోజుల్లో పుస్తకాలను ఇప్పటిలా వీపు బయటికి కనపడేలా కాకుండా, పేజీల అంచులు బయటికి కనపడేలా పెట్టేవారు. చేజారే ఆ అంచుల మీదే బొమ్మలు గీశాడు. పుస్తకంలో ఏముందో అంచు మీద బొమ్మ చెప్పేస్తుంది. అలా 150కి పైగా పుస్తకాలు ఆయన చేతి మీదుగా వెళ్లాయి. బహుశా అక్కడే ఆయనకు పుస్తకం రుచి తగిలింది.

లోకం మొత్తం బట్టలు ఒకే పుస్తకంలో

1590లో, అంటే డెబ్బైకి దగ్గర పడ్డాక, చేజారే ఒక భారీ పుస్తకం తెచ్చాడు. పాత కాలం నుంచి తన కాలం దాకా, రకరకాల దేశాల జనం ఏ బట్టలు కట్టేవారో చూపించే పుస్తకం. సుమారు 420 బొమ్మలు, దాదాపు వెయ్యి పేజీలు. యూరప్ ఒక భాగం, ఆసియా, ఆఫ్రికా మరో భాగం. ఎనిమిదేళ్లకు, 1598లో వచ్చిన రెండో ఎడిషన్‌లో అమెరికా కూడా చేరింది, బొమ్మలు 500 దాటాయి.

ఇందులో రాజులు, దొరలే కాదు. బజారు కూలీలు, పల్లెటూరి ఆడవాళ్లు, ఇంటి పనిమనుషులు కూడా ఉన్నారు. వెనిస్ ఆడవాళ్లు మేడ మీద ఎండలో కూర్చుని జుట్టుకు రంగు తెప్పించుకోవడం కూడా ఉంది. ఈ బొమ్మలను చెక్క మీద చెక్కింది జర్మనీలోని న్యూరెంబర్గ్ నుంచి వచ్చిన క్రిస్టోఫ్ క్రీగర్ అనే పనివాడు. చేజారే ఆ చెక్కేవాడి పేరును పుస్తకంలో అచ్చు వేయించాడు. ఇది గుర్తుపెట్టుకోండి, దీనితో తర్వాత పని ఉంది.

చెక్క అచ్చు అంటే ఏంటి?

పెడనలో కలంకారీ బట్టల మీద అద్దకం వేసే చెక్క అచ్చులు చూశారా? అదే సూత్రం. నునుపు చేసిన చెక్క మీద బొమ్మ గీస్తారు. గీతలు ఉబ్బెత్తుగా ఉండేలా, మిగతా చెక్కనంతా తొలిచేస్తారు. ఉబ్బెత్తు మీద సిరా పూసి కాగితం మీద నొక్కితే నల్ల గీతల బొమ్మ పడుతుంది.

లేసు డిజైన్ల దగ్గరికి వచ్చేసరికి ఇది తిరగబడుతుంది. లేసు దారం తెల్లగా ఉంటుంది కాబట్టి, బొమ్మ కూడా నల్లటి నేపథ్యం మీద తెల్లగా పడాలి. అంటే గీతను మాత్రమే తొలిస్తే చాలు, మిగతా చెక్క అలాగే ఉంటుంది. పేజీ మొత్తం నల్లగా, మధ్యలో డిజైన్ తెల్లగా మెరుస్తుంది. నల్ల గుడ్డ మీద లేసు పరిచినట్టే కనిపిస్తుంది.

సూదిపని డిజైన్ల పుస్తకాలు చేజారేతో మొదలు కాలేదు. 1520లలోనే ఆగ్స్‌బర్గ్‌లో యోహాన్ షోన్‌స్పెర్గర్ అనే ప్రింటర్ ఇలాంటివి అచ్చు వేశాడు. ఆ తర్వాత కొలోన్, వెనిస్, పారిస్ ప్రింటర్లు పోటీపడి వేశారు. ఒకరి డిజైన్ ఇంకొకరు కాపీ కొట్టడం మామూలు విషయం. సంక్రాంతి ముందు మన బజార్లలో దొరికే ముగ్గుల పుస్తకాలు గుర్తున్నాయా? ఒక పుస్తకంలోని ముగ్గు ఇంకో పుస్తకంలో కనిపిస్తుంది. అసలు ఆ ముగ్గు ఎవరు కనిపెట్టారో ఎవరికీ తెలియదు. ఇదీ అచ్చం అంతే.

ఇంకో పోలిక కూడా ఉంది. మనం చుక్కలు లెక్కపెట్టి ముగ్గు వేసినట్టే, ఈ పుస్తకాల్లో కొన్ని డిజైన్లు గళ్ల మీద ఉండేవి. గళ్లు లెక్కపెట్టుకుంటూ కుట్టుకుపోవడమే. చదవడం రాకపోయినా పర్వాలేదు, లెక్క తెలిస్తే చాలు.

1591: కిరీటం అనే పుస్తకం

బట్టల పుస్తకం వచ్చిన మరుసటి ఏడాదే చేజారే లేసు పుస్తకం తెచ్చాడు. దాని పేరుకు తెలుగులో అర్థం చెప్పాలంటే, గొప్పింటి గుణవంతులైన స్త్రీల కిరీటం. అడ్డంగా పొడవుగా ఉండే పుస్తకం. మొదట మూడు భాగాలుగా వచ్చింది, తర్వాత నాలుగో భాగం చేరింది. పూలు, తీగలు, పూలకుండీలు, పక్షులు, జంతువులు, మనుషులు.. అన్నీ లేసుగా అల్లుకోవడానికి వీలుగా ఉన్నవే. వెనిస్ నడిబొడ్డున ఉన్న ఫ్రెట్సేరియా వీధిలోని తన ఇంటి చిరునామాతో చేజారే స్వయంగా దీన్ని ప్రచురించాడు. అంటే పెయింటరే పబ్లిషర్ కూడా అయ్యాడు.

పుస్తకాన్ని వియేనా వెంద్రమిన్ నాని అనే గొప్పింటి ఆవిడకు అంకితం ఇచ్చాడు. ఆవిడకు సూదిపని అంటే ఇష్టం, ఇంట్లో ఉన్న యువతుల చేత కూడా ఆ పని చేయించేది. అప్పట్లో వెనిస్‌లో సూదిపని గొప్పింటి ఆడవాళ్లకు కాలక్షేపం, పేదింటి ఆడవాళ్లకు, అనాథ పిల్లలకు, మఠాల్లో ఉండేవాళ్లకు బతుకుదెరువు. పుస్తకం ఒకటే. పట్టుకున్న చేతులు మాత్రం రెండు రకాలు.

ఆ పుస్తకంలోని డిజైన్లలో అసలైన గొప్పతనం గాలిలో కుట్టు అనే పనిది. పేరుకు తగ్గట్టే ఉంటుంది. మామూలు ఎంబ్రాయిడరీకి కింద బట్ట ఉండాలి. దీనికి బట్టే అక్కర్లేదు. తోలు కాగితం మీద డిజైన్ వేసి, గీత వెంట దారాలు పరిచి తాత్కాలికంగా కట్టేస్తారు. ఆ దారాల మీద సూదితో కుట్లు కుట్టుకుంటూ పోతారు. పని పూర్తయ్యాక కింద కాగితాన్ని విడదీస్తే, వట్టి దారంతో అల్లిన పువ్వు గాలిలో నిలబడుతుంది. చిన్న ముక్కకే రోజులు, వారాలు పడుతుంది. కళ్లు పోతాయి, వీపు వంగిపోతుంది.

ఇలాంటి లేసు కోసం యూరప్ మొత్తం పిచ్చెక్కిపోయింది. మెడ చుట్టూ పళ్లెంలా విచ్చుకునే కాలర్లు మగవాళ్లు కూడా వేసుకునే కాలం. చేజారే పుస్తకం మళ్లీ మళ్లీ అచ్చయింది. 1601లో ఆయన వెనిస్‌లో చనిపోయాక కూడా 1620ల దాకా కొత్త ఎడిషన్లు వస్తూనే ఉన్నాయి.

ఒక పేరు దొరకలేదు

ఇప్పుడు ఇందాక గుర్తుపెట్టుకోమన్న విషయానికి వద్దాం. బట్టల పుస్తకంలో చెక్క చెక్కినవాడి పేరు ఉంది. లేసు పుస్తకంలో అంకితం తీసుకున్న దొరసాని పేరు ఉంది, చేజారే పేరు ఉంది. ఆ కుట్లు అసలు కనిపెట్టిన ఆడవాళ్ల పేర్లు మాత్రం లేవు. ఒక పెయింటర్ గాలిలో కుట్టును ఊహించి గీయలేడు. ఎవరో కుట్టారు, ఎవరో చూపించారు, ఆయన గీశాడు.

ఇది చేజారే ఒక్కడి తప్పు కాదు, ఆ కాలమే అలాంటిది. 1561లో స్విట్జర్లాండ్‌లోని జూరిచ్‌లో వచ్చిన లేసు పుస్తకాన్ని ఒక మహిళే తయారు చేసింది. ఆ పనిలో ఆరితేరిన మనిషి. అయినా పుస్తకం మీద రెండు అక్షరాలు మాత్రమే మిగిలాయి.. ఆర్, ఎం. ఆమె పూర్తి పేరు చరిత్రకు అందలేదు. చేజారే పుస్తకం వచ్చిన నాలుగేళ్లకు, 1595 నుంచి రోమ్‌లో ఇసబెల్లా పరసోలే అనే మహిళ తన పూర్తి పేరుతో లేసు పుస్తకాలు వేయగలిగింది. అలా వేయగలిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

విధి ఏంటంటే, పేరు పోయే వంతు చేజారేకు కూడా వచ్చింది. ఆయన చనిపోయిన అరవై ఏళ్లకు, 1664లో బట్టల పుస్తకాన్ని వెనిస్‌లో మళ్లీ అచ్చు వేశారు. ఈసారి టైటిల్ పేజీ మీద, బొమ్మలు గీసింది మహానుభావుడు టిషియన్, ఆయన తమ్ముడు చేజారే అని వేశారు. టిషియన్ చనిపోయిన 14 ఏళ్లకు వచ్చిన పుస్తకం అది. అమ్మకం కోసం పెద్ద పేరు ముందు పెట్టారు. డెబ్బై ఏళ్ల వయసులో సంపాదించుకున్న పేరును కూడా చివరికి అన్నతో పంచుకోవాల్సి వచ్చింది.

డిజైన్ దేశాలు దాటింది.. చెయ్యి దాటితే జైలు

1665లో ఫ్రాన్స్ మంత్రి కోల్బేర్ ఒక ఎత్తు వేశాడు. వెనిస్ లేసు కొనడానికి ఫ్రాన్స్ డబ్బంతా బయటికి పోతోంది. ఆ లేసును ఇక్కడే అల్లిస్తే సరిపోతుంది కదా అనుకున్నాడు. వెనిస్ డిజైన్ల పుస్తకాలు ఫ్రాన్స్‌లో ఎప్పటినుంచో ఉన్నాయి. కానీ పుస్తకంతో పని జరగలేదు. చివరికి వెనిస్ నుంచి లేసు అల్లే ఆడవాళ్లనే డబ్బు ఆశ చూపి రప్పించాల్సి వచ్చింది. వెనిస్ ప్రభుత్వానికి కోపం వచ్చింది. పరాయి దేశం వెళ్లిన పనివాళ్లు వెనక్కి రాకపోతే వాళ్ల బంధువులను జైల్లో పెడతామని ఉత్తర్వు ఇచ్చింది.

ఆలోచించండి. పుస్తకం మీద పేరు లేదు, కూలి అంతంత మాత్రం. వెళ్లిపోతారనగానే మాత్రం రెండు దేశాలు కొట్టుకున్నాయి. ఆ చేతుల విలువ ప్రభుత్వాలకు బాగానే తెలుసన్నమాట.

ఇంకో సంఘటన చూడండి. 200 ఏళ్లు గడిచాయి. ఫ్యాషన్లు మారాయి, లేసుకు గిరాకీ పోయింది. వెనిస్ పక్కనే ఉన్న బురానో దీవిలో ఆ పని దాదాపు అంతరించింది. 1872 చలికాలంలో సముద్రం గడ్డకట్టి చేపల వేట ఆగిపోయింది. దీవి ఆకలితో అల్లాడింది. ఏదో ఒక ఉపాధి చూపాలని పావొలో ఫాంబ్రి అనే నాయకుడు, ఆంద్రియానా మర్చెల్లో అనే దొరసాని లేసు స్కూల్ పెట్టించారు. డిజైన్లకు కొదవ లేదు, చేజారే లాంటివాళ్ల పుస్తకాలు ఉన్నాయి. కానీ కుట్టు ఎలా వేయాలో ఎవరికి తెలుసు?

దీవి మొత్తం వెతికితే ఒక్క ముసలమ్మ దొరికింది. పేరు చెంచా స్కర్పరియోలా. డెబ్బై దాటిన వయసు. ఆమె వేళ్లకు ఆ పని గుర్తుంది, కానీ మాటల్లో నేర్పడం రాదు. అందుకని ఒక టీచరమ్మ ఆమె పక్కన కూర్చుని, కుట్టుతుంటే చూసి నేర్చుకుని మిగతావాళ్లకు నేర్పింది. ఆ ముసలమ్మ నాలుగేళ్లు ముందు పోయి ఉంటే, పుస్తకాలు ఎన్ని ఉన్నా బురానో లేసు తిరిగి బతికేది కాదు.

ఇది మన కథ కూడా

తెలుగు నేల మీద లేసు అంటే నరసాపురమే. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీ కుటుంబాల ద్వారా గోదావరి తీరానికి వచ్చిన ఈ పని, అక్కడి ఆడవాళ్ల చేతుల్లో క్రోషే లేసుగా స్థిరపడి విదేశాలకు వెళ్లింది. జర్మనీకి చెందిన పరిశోధకురాలు మరియా మీస్ 1982లో ఈ ఆడవాళ్ల మీద పుస్తకం రాసింది. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే వాళ్లను కూడా లెక్కల్లో పనివాళ్లుగా కాకుండా వట్టి గృహిణులుగా చూశారని, అందుకే కూలి అంత తక్కువని ఆమె చూపించింది. నరసాపురం లేసుకు 2024లో జీఐ ట్యాగ్ వచ్చింది. ఊరికి పేరు వచ్చింది. అల్లే చేతికి ఎంత వస్తోంది అన్నదే అసలు లెక్క.

మన దగ్గరికి వస్తే, మహబూబాబాద్ తండాల్లో లంబాడా అవ్వల ఫేటియా, కాంచళి చూడండి. అద్దాలు, గవ్వలు, రంగు దారాలు, లెక్క తప్పని గళ్లు. దానికి చెక్క అచ్చు లేదు, పుస్తకం లేదు. తల్లి చేతి నుంచి బిడ్డ చేతికి వచ్చిందే. ఇప్పుడు ఆ డ్రెస్సు వేసుకునేవాళ్లు పండుగలకే పరిమితం అవుతున్నారు, కుట్టడం తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. ఫొటో తీసి పెట్టుకుంటే డిజైన్ మిగులుతుంది. సూది ఎటు నుంచి ఎటు తిరగాలో మాత్రం ఫొటో చెప్పదు. అవ్వ పక్కన కూర్చుని వీడియో తీయండి. ఆమె పేరు కూడా కింద రాయండి. అది ఈ రోజుల్లో పెద్ద ఖర్చయ్యే పని కూడా కాదు.

చేజారే లేసు పుస్తకం ప్రతులు ఇప్పుడు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ లాంటి మ్యూజియంలలో అద్దాల వెనుక భద్రంగా ఉన్నాయి. అలాంటి పుస్తకాలు మిగిలింది చాలా తక్కువ. ఎందుకంటే వాటిని కొన్నవాళ్లు దాచుకోలేదు, వాడుకున్నారు. పొడిచి పొడిచి పేజీలు చిరిగిపోయాయి. మిగిలిన కొన్ని పాత పుస్తకాల్లో ఇప్పటికీ గీతల వెంట సూది చిల్లులు కనిపిస్తాయి. పేరు రాయని ఆ ఆడవాళ్లు పుస్తకం మీద పెట్టిపోయిన సంతకం అదొక్కటే.